మూడో ద్వారం దగ్గర అరవై ఒకటి

నేను ఒక రాగి బంతిని. లోపలంతా బోలు, పైన మెరుపు లేని నల్లరంగు, కడుపులో సన్నటి ఉష్ణమాపకం. చూడటానికి మాడిపోయిన కొబ్బరికాయలా ఉంటాను. నన్ను మూడు కాళ్ళ స్టాండు మీద ఎక్కడ నిలబెడితే అక్కడ నిలబడిన మనిషి ఒంటికి ఎంత వేడి తగులుతుందో చెప్తాను. గాలి వేడి ఒక్కటే కాదు, ఎండ, గోడ నుంచి కొట్టే సెగ, నేల నుంచి లేచే కాక, అన్నీ కలిపి ఒక్క అంకె చూపిస్తాను. నాకు తెలిసిన పని అదొక్కటే. నోరు లేదు. నోరు లేకపోవడం ఎంత ఘోరమో రెండేళ్ళ కిందటి ఎండాకాలం బెజవాడలో తెలిసింది. ఆ దిగ్భ్రమ నుంచి నేనింకా తేరుకోలేదు.

పుట్టింది వన్‌టౌన్‌లో. వీరబ్రహ్మం అనే రాగి పనివాడు రెండు రేకులను గిన్నెల్లా కొట్టి, అంచులు కలిపి అతికించాడు. రైల్వే స్టేషను దగ్గరి ఒక లాడ్జి వాళ్ళు నన్ను కొనుక్కుపోయి మేడ మీది నీళ్ళ ట్యాంకులో తేలేశారు. నీళ్ళు నిండితే పైకి తేలి కుళాయి మూయడం, తగ్గితే దిగి తెరవడం, ఇదీ నా ఉద్యోగం. ఇరవై రెండేళ్ళు చీకట్లో, చల్లటి నీళ్ళలో గడిపాను. ఆ లాడ్జిలో దిగిన వేలమందిలో ఒక్కరు కూడా నన్ను తలుచుకున్నవాళ్ళు లేరు. ట్యాంకు పొర్లినప్పుడు మాత్రం అందరూ కలిసి తిట్టారు. మనుషుల తీరే అంత అనుకుని సరిపెట్టుకున్నాను.

లాడ్జిని పడగొట్టాక ఆటోనగర్‌లో ఒక పాత సామాను కొట్లో, తుప్పు పట్టిన పైపుల మధ్య పడున్నాను. అక్కడ నన్ను చూసి తరళ ఆగిపోయింది. తరళ ఇంజనీరింగు కాలేజీలో భవన నిర్మాణశాస్త్రం చెప్పే మేడమ్. నలభైకి దగ్గర పడ్డ వయసు, పొట్టి జుట్టు, ఎప్పుడూ వేలికి సిరా మరక. నగరంలో వేడి ఎక్కడ పోగవుతుందో, నడిచే మనుషులను అది ఏం చేస్తుందో కొలవడం ఆమె పరిశోధన. దానికి కావలసిన పరికరం ఆర్డరు పెట్టి ఆరు నెలలైనా రాలేదట.

"ఫర్జానా, దీని అడ్డుకొలత చూడు. సరిగ్గా మనక్కావలసిందే," అంది పక్కనున్న అమ్మాయితో.

ఫర్జానా ఆమె దగ్గర ఎం.టెక్. చేస్తున్న విద్యార్థిని. నన్ను రెండు చేతుల్తో ఎత్తి, "మేడమ్, ఇది ట్యాంకు బంతి కదా!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చింది. ఇద్దరూ కలిసి నన్ను తోమి, నల్లరంగు పూసి, కడుపులో ఉష్ణమాపకం గుచ్చారు. ఐసు నీళ్ళలో ముంచి, కాగే నీళ్ళ ఆవిరిలో పెట్టి, నేను అబద్ధం చెప్పనని తేల్చుకున్నారు. చల్లదనంలో బతికినదాన్ని వేడికి సాక్షినయ్యాను.

నా మొదటి పెద్ద పని ఆ మే నెలలోనే వచ్చింది. ఊరి నడిబొడ్డున పెద్ద రోడ్డు కింద భూగర్భ బజారు ఒకటుంది. నూట పది దుకాణాలు, లోపలంతా ఏసీ, పైకి రావడానికి మూడు ద్వారాలు. మూడో ద్వారం పడమటి దిక్కున, బస్టాపు పక్కన. ఎండాకాలంలో జనం ఆ ద్వారం దాకా వచ్చి, మెట్లు దిగకుండానే వెనక్కి తిరిగిపోతున్నారట. ఎందుకో తేల్చిపెట్టమని బజారు మేనేజరు మురహరి తరళను అడిగాడు. పది రోజులు, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా, పావుగంటకొకసారి కొలవాలని ఒప్పందం.

మూడో ద్వారం చూడముచ్చటగా ఉంటుంది. పైన అద్దాల పందిరి, పక్కన నల్లటి గ్రానైటు గోడ, ఆ గోడలో తామరపూల నగిషీ చెక్కిన పెద్ద స్టీలు జాలీ. ఆ జాలీకి మూడడుగుల దూరంలో నన్ను నిలబెట్టారు. రోడ్డుకు అవతల వేపచెట్టు కింద తరళ, ఫర్జానా కుర్చీలు వేసుకుని కంప్యూటరు పెట్టుకున్నారు. నా కడుపులోంచి వెళ్ళే కబుర్లు గాల్లోనే వాళ్ళకు చేరతాయి. అవును, వేడిని కొలిచేవాళ్ళు నీడలోనే కూర్చుంటారు. అప్పటికి నాకది తప్పనిపించలేదు.

నా పక్కన ఒక మనిషి నిలబడి ఉంది. ముదురు నీలం రంగు మందపాటి యూనిఫాం, నడుముకు బెల్టు, చేతిలో సంచులు తనిఖీ చేసే కర్ర. పేరు సలోమి. నలభై రెండు నలభై మూడేళ్ళుంటాయి. కృష్ణలంక కరకట్ట దగ్గర ఇల్లు. వచ్చేపోయేవాళ్ళ సంచులు చూడటం, ముసలివాళ్ళకు మెట్ల దగ్గర చెయ్యందించడం ఆమె పని. నన్ను చూడగానే, "ఇదేంటమ్మా, బాంబు కాదు గదా?" అంది. ఫర్జానా నవ్వుతూ చెప్పింది. "వేడి కొలుస్తదా? కొలవనీ పాపం," అని నా వైపు ఒకసారి చూసి తన పనిలో పడింది.

మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకు వేపచెట్టు నీడలో వేడి నలభై ఐదు. నా అంకె అరవై ఒకటి.

తరళ కుర్చీలోంచి లేచి రోడ్డు దాటి పరిగెత్తుకొచ్చింది. నన్ను తట్టింది, తీగలు చూసింది. "పాడైంది," అని గొణిగి నన్ను తీసుకెళ్ళి మళ్ళీ ఐసు నీళ్ళలో ముంచింది. నేను సున్నా చూపించాను. తిరిగి తెచ్చి అక్కడే పెట్టింది. పావుగంటకు అరవై ఒకటి. ఆమె ముఖంలో రంగు మారింది. నాకూ నమ్మబుద్ధి కాలేదు. ఎండ పందిరి అద్దాల మీద పడుతోంది, గోడ కాలుతోంది, సరే. కానీ ఇంత సెగ ఎక్కడిది?

మూడో రోజు తరళ ఒక అగరువత్తి వెలిగించి జాలీ దగ్గర పట్టుకుంది.

"ఇక్కడ దేవుణ్ణి పెట్టారా మేడమ్?" అని సలోమి నవ్వింది. "మా దేవుడికి ఊదొత్తులు ఉండవులెండి."

తరళ నవ్వలేదు. పొగ నిలువుగా లేవాల్సింది పోయి, ఎవరో నోటితో ఊదినట్టు తామరపూల సందుల్లోంచి వచ్చే గాలికి అడ్డంగా కొట్టుకుపోయింది, తిన్నగా సలోమి ముఖం మీదికి. ఆ జాలీ అలంకారం కాదు. కింద నూట పది దుకాణాలను చల్లబరిచే యంత్రాలు కక్కే వేడి గాలంతా దాని వెనక నుంచి బయటికొస్తోంది. లోపల పదిహేను వందల మంది చల్లగా తిరగడానికి, ఆ వేడినంతా బయట ఒక్క మనిషి నిలబడే చోట గుమ్మరిస్తున్నారు. మెట్ల తలుపు తెరుచుకున్నప్పుడల్లా లోపలి చల్లగాలి ఆమె పాదాల మీదుగా పోతుంది. పాదాలకు చలి, తలకు నిప్పు.

"మీకు ఉక్కగా అనిపించదా?" అని అడిగింది తరళ.

"అబ్బే, ఇక్కడ అసలు చెమటే పట్టదు మేడమ్. గాలి బాగా తగులుద్ది. కాళ్ళు కూడా చల్లగుంటయి. సాయంత్రానికి తల దిమ్మెక్కుద్ది గానీ, ఎండాకాలమన్నాక ఆ మాత్రం ఉంటది."

చెమట పట్టక కాదు, పట్టిన చెమటను పట్టినట్టే ఆ వేడిగాలి పీల్చేస్తోంది. ఒంట్లో నీళ్ళు పోతున్నా మనిషికి తెలియడం లేదు. అది నాకు అర్థమైంది, తరళకూ అర్థమైంది. ఆమె పెదవి కదిలింది. ఇప్పుడు చెప్తుంది, పక్కకు జరగమంటుంది అనుకున్నాను. తరళ అగరువత్తి ఆర్పేసి, "మంచినీళ్ళు తాగుతూ ఉండండి," అని మాత్రం అని రోడ్డు దాటి వెళ్ళిపోయింది.

ఐదో రోజు నన్ను తుడవడానికి ఇద్దరూ వచ్చినప్పుడు, సలోమి ఒక ముసలాయన్ని మెట్లు దింపుతూ దూరంగా ఉంది. ఫర్జానా గొంతు తగ్గించి అడిగింది. "మేడమ్, ఆంటీకి చెప్పేద్దామా?"

"ఇంకో ఐదు రోజులే," అంది తరళ. "ఇప్పుడు చెబితే ఆమె వెళ్ళి అడుగుతుంది. బజారు వాళ్ళు మనం కొలిచే వేళకు ఈ జాలీ వెనకున్న ఫ్యాన్లు తగ్గించేస్తారు. అంకెలు చెడిపోతాయి, రుజువు పోతుంది. పది రోజులూ పూర్తి కానీ, అంతా ఒకేసారి బయటపెడదాం. అప్పుడు ఎవరూ కాదనలేరు."

ఆమెది దుర్బుద్ధి కాదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను. కానీ ఆ మాట విన్నప్పుడు నా రాగి ఒళ్ళు జలదరించింది.

ఎందుకంటే వాళ్ళకు తెలియనిది నాకు తెలుసు. నాలుగో రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక సలోమి ఫోనులో ఆడపడుచుతో మాట్లాడింది. "ఆ, డ్యూటీలోనే ఉన్నా వదినా. మూడో గేటు. అవును, మీ తమ్ముడు నుంచున్న చోటే. ఎల్లుండికి ఏడాది. చర్చిలో ప్రార్థన పెట్టిద్దాం. గుండె నెప్పని ఒక్క మాట నాతో అనలేదు చూడు, ఆ పొద్దున కూడా తల దిమ్ముగా ఉందనే అన్నాడు. మురహరి సారు దయగల మనిషి. ఆయన పోయిన పదిహేనో రోజుకే ఆ ఉద్యోగం నాకిచ్చారు. రోజూ ఆ సారు కోసం ప్రార్థన చేస్తా."

ఆమె భర్త పేరు ఏసుపాదం. రెండు ఎండాకాలాలు అక్కడే నిలబడ్డాడు. రెండో ఎండాకాలంలో అక్కడే కూలిపోయాడు. గుండెపోటన్నారు. అతని బెల్టే ఇప్పుడు ఆమె నడుముకు ఉంది, పొడవు ఎక్కువై మేకుతో మరో రెండు బెజ్జాలు పొడుచుకుంది.

నాకు ఆ క్షణం ఏమైందో ఎలా చెప్పాలి? ఒక మనిషిని చంపిన చోటును, దయగా, అతని భార్యకు ఇచ్చారు. ఆమె కృతజ్ఞతతో తీసుకుంది. ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నదానికీ తెలియదు. తెలిసిన నాకు నోరు లేదు. నేను చేయగలిగిందల్లా అరవై ఒకటి, అరవై ఒకటి, అరవై రెండు అని చెట్టు కిందికి పంపడమే. అక్కడ ఆ అంకెలను గళ్ళలో చక్కగా నింపుకుంటున్నారు.

తొమ్మిదో రోజు. మధ్యాహ్నం రెండు దాటింది. సలోమి ఒక ఆవిడ సంచీ చూసింది, మూసింది, మళ్ళీ తెరిచి చూసింది. "ఇందాక చూశారు కదమ్మా," అందావిడ. సలోమి ఆమెను ఎగాదిగా చూసి, "మా ఆయన అన్నానికి వచ్చాడా?" అని అడిగింది. ఆవిడ భయపడి గబగబా మెట్లు దిగిపోయింది. సలోమి ముఖం కందిపోయి, పొడిగా ఉంది. గోడకు చెయ్యి ఆన్చింది, కాలుతున్న గ్రానైటు కూడా ఆమెకు తెలియలేదు. మోకాళ్ళు వంగాయి. నా స్టాండును పట్టుకోబోయి, నాతో సహా నేల మీద పడింది.

బస్టాపులో పదిహేను మందైనా ఉన్నారు. "తాగినట్టుంది," అన్నాడొకాయన. మరొకాయన ఫోను తీసి ఫొటో పట్టాడు.

కంప్యూటరులో నా అంకె ఒక్కసారిగా మారేసరికి ఫర్జానా తలెత్తింది. చెప్పులు కూడా వేసుకోకుండా, కాలే తారురోడ్డు మీద పరిగెత్తుకొచ్చింది. వెనకే తరళ. "నీడలోకి కాదు మేడమ్, కిందికి, లోపలికి!" అని అరిచింది ఫర్జానా. ఎదురుగా చెరకురసం బండి ఆయన పిలవకుండానే ఐసుగడ్డను గోనెసంచితో సహా ఎత్తుకొచ్చాడు. ముగ్గురూ కలిసి ఆమెను మెట్ల మీదుగా చల్లటి బజారులోకి మోసుకుపోయారు. నేను అక్కడే, జాలీ ముందు, పక్కకు ఒరిగి పడున్నాను. ఆ జాలీలోంచి గాలి ఆగలేదు.

తర్వాత జరిగింది నేను ఆసుపత్రి గదిలో విన్నాను. నన్నక్కడికి తెచ్చింది తరళే. ఒంటి వేడి ఫారన్‌హీటులో నూట ఆరు దాటిందట. ఐసు పెట్టబట్టి బతికిందని డాక్టరు చెప్పాడట. మూడో రోజుకు సలోమి లేచి కూర్చుంది. చేతికి సెలైను సూది ఉంది. తరళ నన్ను బల్ల మీద పెట్టి, పక్కనే కాగితాలు పరిచి, దాచకుండా అంతా చెప్పింది. జాలీ వెనక ఏముందో, అరవై ఒకటంటే ఏమిటో.

సలోమి కాగితంలో ఒక గడి మీద వేలు పెట్టింది.

"ఈ అంకె నేను నుంచునే చోటుదా?"

"అవును."

"అంటే మా ఆయన నుంచున్న చోటుది."

తరళకు అర్థం కాలేదు. సలోమి చెప్పింది. ఏసుపాదం సంగతి, బెల్టు సంగతి, ఉద్యోగం సంగతి. చెబుతుండగా తరళ చేతిలోని కలం జారి కింద పడింది. ఆమె దాన్ని తీసుకోలేదు. గుమ్మం దగ్గరున్న ఫర్జానా రెండు చేతుల్తో నోరు మూసుకుంది.

"నేను పడిపోయేనాటికి ఎన్ని రోజుల్నించి తెలుసు మేడమ్ మీకు?" అని అడిగింది సలోమి. గొంతులో కోపం లేదు. అదే భయంకరంగా ఉంది.

"ఆరు రోజులు," అంది తరళ.

"మురహరి సారుకి తెలీదనుకుందాం. మీకు తెలుసు గదా."

తరళ కాగితాలు పోగుచేసుకుంది. సలోమి గోడ వైపు తిరిగి పడుకుంది. లేవబోతున్న తరళను ఆమె మాట ఆపింది. ముఖం గోడ వైపే ఉంది.

"ఆ కాగితాలు చింపేయమాకండి. నాకు కావాలి."

తరళ నివేదిక ఇచ్చిన రోజు మురహరి దాన్ని రెండుసార్లు చదివాడు. మంచి మనిషే, మాట మెత్తన. "మేడమ్, మిగతా రెండు ద్వారాలు కూడా కొలిచి, మూడింటికీ కలిపి రోజంతటి సగటు వేయండి. నలభై ఎనిమిదికి మించదు. బెజవాడలో ఎండాకాలం అదేమంత వింత కాదు. ఈ నల్ల బంతి లెక్క ఎందుకు? మనుషులేమన్నా రాగి బంతులా?"

"కాదు," అంది తరళ. "బంతి పడిపోతే మళ్ళీ నిలబెట్టొచ్చు."

నివేదిక మారలేదు. సలోమి అర్జీ రాయించింది, తరళ తన కాగితాలు జతచేసింది. ఆరు రోజులు తెలిసి కూడా చెప్పలేదన్న మాట కూడా అందులో సంతకం చేసి రాసింది. రాయొద్దని కాలేజీ వాళ్ళు చెప్పినా వినలేదు.

మే నెలాఖరున కార్మిక శాఖ అధికారి ఉమాకాంతం మూడో ద్వారం దగ్గరికి వచ్చాడు. లావుపాటి మనిషి, చంకలో ఫైలు. సలోమి ఆసుపత్రి నుంచి వచ్చి పది రోజులైంది, తెల్లచీర కట్టుకుని బస్టాపు నీడలో నిలబడింది. నన్ను మళ్ళీ పాత చోటే పెట్టారు.

మురహరి వివరించబోతుంటే సలోమి ముందుకొచ్చింది. "సారూ, మాటలెందుకు? ఒక్క అరగంట మీరిక్కడ నుంచోండి. మేం రోజుకి పది గంటలు నుంచున్నాం."

ఉమాకాంతం మొహమాటంగా నవ్వి నిలబడ్డాడు. నాలుగు నిమిషాలకు ఫైలుతో విసురుకున్నాడు. ఏడు నిమిషాలకు గుండీ తీశాడు. పదకొండో నిమిషంలో పక్కకు తప్పుకుని రైలింగు పట్టుకుని, "నీళ్ళు," అన్నాడు. తాగాక నన్ను చూశాడు, సలోమిని చూశాడు, ఫైలు తెరిచి నా అంకె రాసుకున్నాడు.

అప్పుడు ఎవరూ అడగకుండానే మురహరి వెళ్ళి ఆ చోట నిలబడ్డాడు. గాలి అతని జుట్టును వెనక్కి కొట్టింది. ఆ వేడిగాలి అసలు మూడంతస్తుల ఎత్తున పైకి పోవాలని మొదటి ప్లాను. పైన ప్రకటనల తెర పెట్టడానికి అడ్డమొస్తుందని గొట్టాన్ని కిందికి కోశారు. ఆ మార్పు మీద సంతకం అతనిదే. కాగితం మీద అదొక చిన్న గీత. ఆ గీత ముందు నిలబడటం అతనికి అదే మొదటిసారి. ఆరో నిమిషంలో అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, సెగకో మరి దేనికో నేను చెప్పలేను. "ఏసుపాదం రోజూ నమస్కారం పెట్టేవాడు," అన్నాడు మెల్లగా, "ఇక్కణ్ణుంచే."

సలోమి తిరిగి బస్టాపు నీడలోకి నడిచింది.

జూన్ రెండో వారానికి తెర దింపి, గొట్టాన్ని మళ్ళీ పైకి లేపారు. ఏసుపాదం కేసు మాత్రం ఇంకా నడుస్తోంది. అప్పట్లో శవపరీక్ష జరగలేదు, గుండెపోటని కాగితం ఉంది, ఆ కాగితాన్ని ఏ అంకె కాదనగలదో కోర్టు తేల్చాలి. సలోమి యూనిఫాం తిరిగి ఇచ్చేసి, బెల్టు మాత్రం ఉంచుకుంది. ఇప్పుడు ఒక బడిలో చిన్నపిల్లల ఆయా. గొట్టం మార్చాక మళ్ళీ కొలిచిన రోజున బడి ముగించుకుని వచ్చి తరళతో ఒక్క మాట అంది. "మీ మీద కోపం పోలా మేడమ్. పోద్దని కూడా అనుకోటల్లా. కానీ మీరు రాయకపోతే మా ఆయన ఉత్త గుండెపోటోడిగానే మిగిలిపోయేవోడు." అని బస్సెక్కి వెళ్ళిపోయింది.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో నన్ను మరో ఊళ్ళో, మరో భూగర్భ బజారు మెట్ల దగ్గర నిలబెట్టారు. పక్కన ఒకావిడ నేల మీద కూర్చుని చేతిరుమాళ్ళు అమ్ముకుంటోంది. ఈసారి పని ఫర్జానాది, తరళ చూడటానికి వచ్చింది. పదకొండుంపావుకు నేను యాభై ఆరు చూపించాను. ఫర్జానా తెరకేసి చూసింది, కలం పక్కన పడేసింది, రోడ్డు దాటి పరిగెత్తింది. ఆవిడ పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది. ఇద్దరూ కలిసి రుమాళ్ళ మూట ఎత్తి ఎదుటి వరండా నీడలోకి మార్చారు. ఆ సందడిలో నా అంకె రాసుకోవడం మరిచిపోయారు.

సాయంత్రం తరళ కాగితం చూసింది. పదకొండుంపావు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఫర్జానా తలొంచుకుంది. తరళ ఆ గడిలో ఏమీ రాయలేదు, రాయమని అనలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, నన్ను రెండు చేతుల్తో స్టాండు మీంచి దించింది.